సున్నాగారి సెగ

వామనమూర్తి కుడి అరచేతిని మరోసారి చందనపు నీళ్ళలో ముంచి, తుడుచుకుని, పలక మీద ఆనించాడు. ఎదుటి గాజు మీద మొదటి పేరు వెలిగింది. మచిలీపట్నం కెరటాల కోచ్ పేరది. ఆయన దాన్ని గోడకు కొట్టిన మేకును చూసినట్టు చూశాడు. పలక కింద టక్కుమంది. నేల పడింది. రెండో పేరు. టక్కు. మూడో పేరు. టక్కు.

"నేల సమంగా పడుతోంది," అంది గోడలోంచి పీఠం అనే యంత్రం. "ఎప్పటిలాగే చల్లగా ఉన్నారు, సున్నాగారూ."

"చల్లదనం మా ఇంటిపేరు," అన్నాడు వామనమూర్తి.

ఆయన ఇంటిపేరు నిజానికి అగ్నిహోత్రం. పీఠానికి మనిషి ఒంట్లో వేడి తెలుస్తుంది గాని మాటలో వేడి తెలియదు, అందుకని ఊరుకుంది. పేరుకు వామనుడైనా, మనిషి నిలబడితే తల గుమ్మానికి తగిలే త్రివిక్రముడు. కోచ్‌లకు జట్లు పంచే ఈ కుర్చీల వారమంతా ఆయనకు పథ్యం. చింతపండు లేదు, మిరపకాయ లేదు, వార్తలు అసలే లేవు. ఆవకాయ లేని అన్నం, ఆవేశం లేని ఆలోచన. కాకినాడ సముద్రం మీద తేలే బరికి ఆనుకుని, అలకొకసారి కొంచెం ఊగే ఆ చిన్న గదిలో, కబడ్డీ లీగు మొత్తానికి ఊగని వస్తువు ఆయనొక్కడే అని అందరి నమ్మకం. ఆయన నమ్మకం కూడా.

చివరి పేరు వెలిగింది. గేదెల సన్యాసమ్మ, ఒంగోలు గిత్తలు.

వామనమూర్తి దవడ కాస్త బిగిసింది. పొద్దున తిన్న అరటికాయ కూర ఇంకా అరగలేదనుకున్నాడు. ఈవిడ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు అరుగుదల సమస్య రావడం మామూలే. గేదెలవారు గిత్తలకు కోచ్ కావడమేమిటి, కావడమే కాక కప్పు కొట్టడమేమిటి అని, ఈ వారంలో వినకూడని వార్తను ఎవరో చెవిన వేసినప్పటి నుంచీ ఆయన మనసులో తిరుగుతోంది. అది అసూయ కాదు, అభిప్రాయం. ఆయన అభిప్రాయంలో అది అభిప్రాయమే.

టక్కు. ఈసారి కొంచెం ఆలస్యంగా.

"నేల పరచడం పూర్తి," అంది పీఠం. "కోచ్‌లను పంపుతున్నాను."

నేల ఎంత ఎత్తున పడిందో ఎవరికీ కనిపించదు. చూడాలని ఎవరూ అనుకోలేదు కూడా. పలక మీద పెట్టిన వామనమూర్తి చేతిలో ఏ పేరుకు ఎంత వేడి పుడితే ఆ పేరుకు అంతవరకూ నేల. కోచ్ చేయి పెట్టినప్పుడు దానిపైన లేచినదే సెగ. ఆయనకు ఎవరి మీదా ఏమీ లేదు కాబట్టి నేల ఎప్పుడూ నేలమట్టమే. అందుకే ఆయన ఉద్యోగానికి సున్నా అని పేరు. లెక్క అంత సుభద్రంగా ఉంది.

లీగులో ఈ పద్ధతి రాకముందు, సీజన్ అయిందంటే కోచ్‌ల పీకలకు పీకివేతే. జట్టు ఓడితే కోచ్ ఇంటికి, గెలిస్తే ఆటగాడు అందలానికి. ఒక యజమాని జాతకం చూసి తీసేవాడు, ఇంకొకడు మీసం చూసి పెట్టుకునేవాడు. మంచి కోచ్ ఎవరో నిజంగా తెలిసినవాళ్ళు పోటీ కోచ్‌లు మాత్రమే, వాళ్ళు చచ్చినా చెప్పరు. ఒకరినొకరు పొగుడుకుంటారు. పొగడ్తలో ముందు వచ్చేది పొగే గదా. ఆ పొగ వెనకున్న నిప్పును కొలిస్తే చాలునని ఎవడో మహానుభావుడు కనిపెట్టాడు. నోరు అబద్ధమాడుతుంది, కడుపు ఆడదు. అప్పటి నుంచి, ఎవరిని చూసి మిగతావాళ్ళు ఎక్కువ ఉడుకుతారో వాళ్ళకు మంచి కుర్చీ, దాన్ని ఎక్కుడు అంటారు. ఎవరిని చూసి ఎవరికీ ఏమీ కాదో వాళ్ళకు దిగుడు. వరసగా రెండు దిగుళ్ళయితే మళ్ళీ ఏ జట్టుకూ, ఏ ఊళ్ళోనూ, ఏ బరిలోనూ కోచ్ కాకూడదు. పీఠం ఇచ్చే పీఠమే పీట లాగేస్తుంది.

సన్యాసమ్మకు నిరుడు నెల్లూరులో ఒక దిగుడైంది. ఎవరూ కూర్చోనన్న కుర్చీ ఒంగోలుది ఖాళీగా ఉంటే అందులో పడేశారు. ఆమె ఆ కుర్చీలో కూర్చోలేదు, సీజనంతా గీత పక్కన నిలబడే ఉంది. అట్టడుగున ఉన్న జట్టు కప్పు ఎత్తింది. ఇవాళ ఆమెకు కావలసినది, తనను చూసి ఎవరో ఒకరు కుళ్ళుకోవడం. కప్పు కొట్టినవాళ్ళకు అదేమంత కష్టం?

మొదట వచ్చినవాడు భీమవరం వలల కోచ్ దంతులూరి రామభద్రరాజు. చొక్కా మడతలు ఎగదోసుకుంటూ, పలక మీద చెయ్యిని అట్టు వేసినట్టు వేశాడు. పేర్లు నడిచాయి. మచిలీపట్నం పేరుకు పన్నెండు సెగలు, గద్వాల పేరుకు తొమ్మిది. ఆరోగ్యకరమైన కుళ్ళు. సన్యాసమ్మ పేరు వెలిగింది.

"ఏవండీ సున్నాగారూ, ఆవిడ కప్పెత్తడం చూశారాండీ? ఆయ్! పట్టుకోడం కూడా రాలేదండీ. నీళ్ళబిందె చంకనెట్టుకున్నట్టు పెట్టుకుందండి."

"మీరు మాట్లాడకుండా ఉంటే కొలత శుభ్రంగా వస్తుంది రాజుగారూ."

"నేనేం మాట్లాడానండీ? నాకేటండీ? పాపం గెలిచింది, గెలవనివ్వండి. ఆ రోజు మా ఇంట్లో అందరికీ కాజాలు కూడా పంచానండి. మా ఆవిడ నోట్లో పెట్టుకోబోతుంటే లాక్కున్నాననుకోండి, అది వేరే విషయం."

రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. దంతులూరివారి దంతాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్న చప్పుడు గదిలో స్పష్టంగా వినిపించింది. వామనమూర్తి గాజు వైపు చూశాడు.

సున్నా.

రాజుగారు కూడా చూశాడు. చెయ్యి తీసి, చూసుకుని, మళ్ళీ పెట్టాడు.

"సున్నానాండీ?"

"సున్నా."

"నాకాండీ? ఆవిడ మీదాండీ?" ఆయన రెండు చేతులూ జోడించాడు. "అయితే నేను మంచోణ్ణేనండి! నలభయ్యేళ్ళుగా మా నాన్నగారు అనవసరంగా తిట్టారండి నన్ను. మీకు పోటీ వచ్చేశానండీ సున్నాగారూ, జాగ్రత్త!"

తన మంచితనం తనకే తెలియనివాడి సంతోషంతో రాజుగారు వెళ్ళిపోయాడు. తరవాత మచిలీపట్నం కోచ్ వచ్చాడు. సన్యాసమ్మ పేరు చూడగానే కళ్ళు మూసుకుని ఏదో శ్లోకం మొదలుపెట్టాడు. సున్నా. గద్వాల కోచ్ పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది. సున్నా. ఒకరి తరవాత ఒకరు పళ్ళు నూరుతూ వచ్చి, పుణ్యాత్ములై బయటికి పోయారు.

వామనమూర్తికి చిన్న అనుమానం వచ్చింది. యంత్రాన్ని పరీక్షించడానికి నియమం ఒక్కటే ఉంది, సున్నా తన చేయి పెట్టి చూడాలి. ఆయన సన్యాసమ్మ పేరు మీదే తన అరచెయ్యి పెట్టాడు. సున్నా అంది గాజు. యంత్రం బాగానే ఉంది. తన కాళ్ళ కింది నేలను తనే తొక్కి చూసుకుని, గట్టిగానే ఉందనుకునే మనిషిలా ఆయన తృప్తిపడ్డాడు. తృప్తితో పాటు మరొకటి కూడా గొంతులో తియ్యగా దిగింది. దాని పేరేమిటో ఆయన అడగలేదు.

మధ్యాహ్నానికి పీఠం తేల్చి చెప్పింది. "గేదెల సన్యాసమ్మ. మొత్తం సెగ, సున్నా. దిగుడు. ఇది రెండోది కాబట్టి శాశ్వతం. ఒంగోలు కుర్చీకి ఎక్కుడు దంతులూరి రామభద్రరాజు. ఈల స్వీకరించి, కొక్కేనికి తగిలించి, నేల ఎత్తివేయండి."

దిగుడైన కోచ్ తన ఈలను సున్నాగారి చేతిలో పెట్టి పోవడం ఆచారం. గోడకున్న కొక్కేనికి ఈల తగిలిన క్షణాన గాజు మీద ఆ పేరు ఆరిపోతుంది. ఆ తరవాతే నేలను ఎత్తి తీసెయ్యాలి. ఈల ముందు, నేల వెనక. ఈ వరస తప్పినవాడు ఇంతవరకూ లేడు.

సన్యాసమ్మ వచ్చింది. పొట్టిగా, గట్టిగా, మెడలో ఇత్తడి ఈలతో. నిరుడు ఆ ఈలను గుమ్మంలోంచే విసిరేసి పోయింది, ఒంగోలు కుర్చీ ఇచ్చినప్పుడు మళ్ళీ వచ్చి తీసుకుంది. ఈసారి లోపలికి వచ్చి నిలబడింది.

"ఏటి మూర్తిబావూ, నన్ను సూసి ఒక్కడికీ ఏటీ అవలేదేటి? కప్పు కొట్టినా?"

"సంఖ్యలు అలా వచ్చాయి సన్యాసమ్మా."

"ఓడిపోయి దిగిపోతే సరే అనుకుందును. గెలిసి దిగిపోతే మా అమ్మకి ఏటని సెప్పాలి? నీ కూతురు మంచి కోచే గానీ, ఎవులికీ కన్నుకుట్టదు అని సెప్పాలేటి?"

"పేరు పెట్టినప్పుడే తెలియాల్సింది మీ అమ్మగారికి. సీజన్ అయ్యేసరికి సన్యాసం." ఈ మాట అనేసి ఆయనే కొంచెం నవ్వుకున్నాడు.

ఆమె నవ్వలేదు. "నా జట్టు గుంటల్ని ఎవులికిచ్చేత్తన్నారు?"

"రాజుగారికి."

"ఆడికా? మా ఎంకటేసుకి ఎడం మోకాలు అరిగిపోనాది. ఆడు కూతకెల్తానని మీదడిపోతాడు, నాను ఆపుతాను. రాజుగారు ఆపుతాడేటి? రెండు ఆటల్లో ఆ గుంటడికి కర్ర సేతికొత్తాది." ఆమె ఈలను పిడికిట్లో బిగించింది. "ఇంక గీత పక్కన నిలబడనియ్యరు గదా నన్ను? ఎక్కడా?"

"ఎక్కడా."

ఆమె తాడు మెడలోంచి తియ్యడానికి ఆలస్యం చేస్తోంది. వామనమూర్తి కళ్ళు ఆ ఈల మీదే ఉన్నాయి. అది పాత కోచ్ పోలినాయుడు మాస్టారి ఈల. ఇద్దరూ ఆయన దగ్గరే సహాయకులుగా పనిచేశారు. మాస్టారు దిగిపోయే రోజున జట్టంతా చూస్తుండగా దాన్ని ఆమె మెడలో వేశాడు. ఆనాడు అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టినవాడు వామనమూర్తి. ఆ వారమే సున్నా పరీక్ష రాశాడు. అప్పటి కోచ్‌లందరి పేర్లూ చూపించారు, ఒక్కదానికీ ఆయన చెయ్యి వేడెక్కలేదు. సన్యాసమ్మకు ఇంకా జట్టు దొరకలేదు కాబట్టి ఆ పేర్లలో ఆమె పేరు లేదు. పట్టా చేతికిచ్చి, రాష్ట్రంలోకెల్లా చల్లని మనిషివి అన్నారు. ఆయన ఎంత చల్లగా నమ్మాడంటే, ఆ తరవాత మరి అనుమానమే రాలేదు.

"కానియ్ సన్యాసమ్మా," అన్నాడు. "నాకు ఇంకా గది సర్దుకునే పనుంది."

పని లేదు. తొందర ఉంది. ఆమె తాడు తీసేలోపే ఆయన నేల ఎత్తే మీట నొక్కేశాడు. ఎడమ అరచేతిని పలక మీద ఊతగా పెట్టి, కుడి చెయ్యి ఈల కోసం చాచాడు. గాజు మీద ఆమె పేరు ఇంకా వెలుగుతూనే ఉంది.

కింద నేల లేకపోయేసరికి గాజు మీద అంకెలు కదిలాయి. పది దాటాయి. ముప్పై దాటాయి. నలభై దగ్గర, ఒకప్పుడు కోచ్‌గా ఉన్న గద్వాల యజమాని బామ్మర్దికి వచ్చిన పాత రికార్డు ఉంది, దాన్ని పలకరించకుండా దాటిపోయాయి. తొంభై ఏడు దగ్గర నిలబడి, ఊపిరి తీసుకుంటున్నట్టు మినుకుమన్నాయి.

"ఇదేటి?" అంది సన్యాసమ్మ.

"యంత్రం చెడిపోయింది."

"సెయ్యి తియ్యి."

తీశాడు. అంకె సున్నాకు పడిపోయింది.

"మల్లీ ఎట్టు."

ఆయనకు పెట్టాలని లేదు. కాని చూడాలని ఉంది. పెట్టాడు. తొంభై ఏడు.

"పొద్దున్న నేల పరిసింది నువ్వే గదా?" అంది ఆమె నెమ్మదిగా. "నిరుడూ నువ్వే గదా?"

గది ఒక అలకు ఊగింది.

"అయితే ఆళ్ళందరి కుళ్ళూ నీ కుళ్ళు కిందే కప్పడిపోనాది. ఓలమ్మో! ఎంత లోతు తవ్వీసినావు బావూ!"

"నీ మీద నాకు అసూయేమిటి సన్యాసమ్మా? నాన్సెన్స్."

తొంభై తొమ్మిది.

ఆయన అంకె వైపు చూశాడు. పలకతోనే మాట్లాడుతున్నట్టు అన్నాడు. "ఆ ఈల నాకు ఇవ్వాల్సింది. మాస్టారికి కాళ్ళు పట్టింది నేను. పట్టుల్లో గొలుసు విడుపు అనే ఎత్తు కనిపెట్టింది నేను. నువ్వు ఫైనల్లో అదే వాడావు."

"వాడినాను. నీదే. ఆ రోజు మైకులో కూడా నీదే అని సెప్పినాను. నువ్వు వార్తలు ఇనవు గదా, పథ్యమని." ఆమె తాడు మెడలోంచి తీసి ఈలను ముందుకు చాపింది. "ఓపాలి అడగొచ్చు గదేటి? ఊదుకోమని ఇచ్చుందును. ఇన్నేళ్ళు ఒక ఈల కోసం ఇంత మంట ఎట్టుకుని కూసున్నావా? ఆ మంట మీద ఊరందరికీ వంటలు సేసెయ్యొచ్చు."

ఈల ఆయన అరచేతిలో పడింది. ఇత్తడి ఆమె ఒంటివేడితో వెచ్చగా ఉంది. అంకె కదల్లేదు.

"ఈల కొక్కేనికి తగిలించండి," అంది పీఠం. "ఆలస్యమవుతోంది, సున్నాగారూ."

కొక్కెం మూరెడు దూరంలో ఉంది. తగిలిస్తే పేరు ఆరిపోతుంది. అంకె తుడుచుకుపోతుంది. రేపు ఒంగోలులో రాజుగారు కుర్చీ ఎక్కుతాడు, ఎంకటేసు మోకాలు నలుగుతుంది, సున్నాగారు సున్నాగారిగానే ఉంటారు. సన్యాసమ్మకు ఇదంతా తెలుసని ఆమె ముఖమే చెబుతోంది.

"నిన్ను అడగను బావూ," అంది ఆమె. "అడిగితే అదీ నీ గెలుపే అయిపోద్ది."

వామనమూర్తి గాజు వైపు చూశాడు. ఎదుటివాళ్ళ సెగలు చదివి చదివి కళ్ళు అరిగిన మనిషి. పన్నెండుకు, తొమ్మిదికి తల పంకించి, భళా అనుకున్న మనిషి. లీగు పుట్టిన తరవాత ఏ కోచ్‌కూ, ఏ యజమానికీ, ఏ బామ్మర్దికీ రానంత అంకె, తన సొంత అంకె, తన కష్టార్జితం, ఇదిగో ఎదురుగా వెలుగుతోంది. దీన్ని గుడ్డపెట్టి తుడిచెయ్యాలట. రాజుగారి సున్నా మాత్రం చరిత్రలో నిలిచిపోవాలట. తనకు పోటీ వచ్చానన్నాడు వెధవ!

ఆయన చెయ్యి పలక మీదే ఉంచి, బొటనవేలితో నమోదు మీట నొక్కాడు.

"ఎవరి పేరు మీద?" అంది పీఠం.

"గేదెల సన్యాసమ్మ."

"కొలత ఎవరిది?"

"అగ్నిహోత్రం వామనమూర్తిది."

"వారు సున్నా."

"కాదు. తొంభై తొమ్మిది. రాసుకో."

"సున్నా విలువ తొంభై తొమ్మిది అయిన పక్షంలో..." అని మొదలుపెట్టి పీఠం ఆగిపోయింది. అది వాక్యం మధ్యలో ఆగడం ఆయన ఎన్నడూ వినలేదు. గోడలో ఎక్కడో నీళ్ళు మరుగుతున్న చప్పుడు. నేల కింద నేల వెతుక్కుంటూ అది పాత లెక్కలన్నీ సీజన్ వెనక సీజన్ తవ్వుకుపోతోంది. గాజు మీద సన్యాసమ్మ పేరుతో మొదలై పేర్లు పైకి లేస్తున్నాయి, కిందకి జారుతున్నాయి, ఎక్కినవాళ్ళు దిగుతున్నారు, దిగినవాళ్ళు ఎక్కుతున్నారు, ఎప్పుడో రిటైరై రొయ్యల చెరువులు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నట్టుండి ఏదో ఒక ఊరికి కోచ్‌లైపోతున్నారు. పైన, బరి మీది పెద్ద తెరల మీద ఇదే నడుస్తున్నట్టుంది. జనం అరుపు నీళ్ళ మీదుగా వచ్చింది.

నడవలోంచి మరో గొంతు పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ! సున్నాగారూ! నాది ఎనభై అంటున్నాడేంటండీ తెర మీద! ఇందాక సున్నా అన్నారు గదండీ! మా నాన్నగారికి ఫోన్ చేసి చెప్పేశానండీ!"

వామనమూర్తి లేచి తలుపు గడియ పెట్టి, వచ్చి మళ్ళీ పలక మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు.

"కొక్కెం అక్కర్లేదా?" అంది సన్యాసమ్మ. ఈల కోసం ఆమె చెయ్యి చాచే ఉంది.

ఆయన ఈలను అటూ ఇటూ తిప్పి చూశాడు. పెదవుల మధ్య పెట్టుకున్నాడు. ఎంతకాలంగానో ఛాతీలో దాచుకున్న గాలంతా కూడదీసి ఊదాడు. కీచుమంటూ బయటికొచ్చి, మధ్యలో తడబడి, తుస్సుమంది.

"తుడిసియ్యి," అంది సన్యాసమ్మ.

పంచె చెంగుతో తుడిచి ఇచ్చాడు. ఆమె తాడు మెడలో వేసుకుని, ఊరికే అలవాటుగా ఒకసారి ఊదింది. ఆ ఈల గదిని చీల్చుకుని, రాజుగారి కేకను నోట్లోనే ఆపి, సముద్రం మీదికి సాగిపోయింది. పైన అరుస్తున్న జనం ఒక్క క్షణం నిశ్శబ్దమయ్యారు.

గాజు మీద అంకె నూటమూడుకు చేరింది.